సబ్‌స్టేషన్‌లో ఏ సందేశం ముందు వెళ్ళాలి? – ఈథర్‌నెట్ స్విచ్‌లలో ప్రాధాన్యతా క్రమం



విద్యుత్ వ్యవస్థ అనగానే మనకు టవర్లు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు గుర్తుకు వస్తాయి. వాటితోపాటు మరొక వ్యవస్థ కూడా నిరంతరం పనిచేస్తూ ఉంటుంది. అదే సమాచార వ్యవస్థ. లైనులో ఎంత కరెంటు పోతున్నది, ఏ బ్రేకర్ మూసి ఉన్నది, ఎక్కడ ఫాల్ట్ వచ్చింది అనే వార్తలను ఒక పరికరం నుండి మరొక పరికరానికి చేరవేసేది ఇదే. ఈ వార్తలలో కొన్ని ఒక నిమిషం ఆలస్యమైనా నష్టం లేదు. కొన్ని మాత్రం సెకనులో వందో వంతు ఆలస్యమైనా లక్షల రూపాయల ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు, మనిషి ప్రాణమే పోవచ్చు. రెండు రకాల వార్తలూ ఈనాడు ఒకే తీగలో ప్రయాణిస్తున్నాయి. అందుచేత ఏది ముందు వెళ్ళాలో నిర్ణయించే పద్ధతి తప్పనిసరి అయింది.

మా హాస్టల్‌లో ఎలక్ట్రికల్ చదివేవారమూ, ఎలక్ట్రానిక్స్ చదివేవారమూ ఉన్నాము. మా రెండు సబ్జెక్టులూ కలిసే చోటు ఇది. ఎలక్ట్రికల్ పుస్తకంలో రిలే గురించి ఉంటుంది, నెట్‌వర్కుల పుస్తకంలో స్విచ్ గురించి ఉంటుంది. రెండింటినీ కలిపి చెప్పే పాఠం తక్కువ. అందుకే ఇద్దరం కూర్చుని మాకు అర్థమైన రీతిలో ఈ వ్యాసం రాస్తున్నాము.

1. రాగి తీగ నుండి ఈథర్‌నెట్ వరకు

పాత సబ్‌స్టేషన్లలో ప్రతి సంకేతానికీ ఒక ప్రత్యేకమైన రాగి తీగల జత ఉండేది. రిలే నుండి బ్రేకర్ ట్రిప్ కాయిల్ వరకు ఒక జత, అలారం ప్యానెల్ వరకు మరొక జత. యార్డు నుండి కంట్రోల్ రూము వరకు వందల తీగలు ట్రెంచ్‌లలో పరచి ఉండేవి. ఒక సబ్‌స్టేషన్ నుండి మరొక సబ్‌స్టేషన్‌కు వార్త పంపడానికి హై టెన్షన్ లైనునే వాడుకునే పవర్ లైన్ క్యారియర్ పద్ధతి ఉంది. అది ఇప్పటికీ చాలాచోట్ల వాడుకలో ఉంది.

ఈథర్‌నెట్‌కు 1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్కాఫ్, ఆయన సహచరులు రూపకల్పన చేశారు. మొదట్లో కంప్యూటర్లన్నీ ఒకే కేబుల్‌ను పంచుకునేవి. ఇద్దరు ఒకేసారి పంపితే సందేశాలు ఢీకొనేవి. అప్పుడు ఇద్దరూ కొంతసేపు ఆగి మళ్ళీ పంపాలి. ఎంతసేపు ఆగాలో ముందుగా చెప్పలేము కనుక అటువంటి నెట్‌వర్కును రక్షణ పనులకు నమ్మడం కష్టం. తరువాత ఫుల్ డ్యూప్లెక్స్ స్విచ్‌లు వచ్చాయి. ప్రతి పరికరానికీ సొంత పోర్టు, పంపడానికి ఒక దారి, అందుకోవడానికి మరొక దారి ఏర్పడ్డాయి. ఢీకొనడం పోయింది.

ఆ తరువాతే సబ్‌స్టేషన్‌ల కోసం ఐ.ఇ.సి. 61850 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. వేరువేరు కంపెనీల రిలేలు ఒకే భాషలో మాట్లాడుకోవడానికి ఇది వీలు కల్పించింది. వందల రాగి తీగల స్థానంలో కొన్ని ఫైబర్ కేబుళ్ళు సరిపోయాయి.

కాని ఒక విషయం గమనించండి. రాగి తీగలో ఒక్క సంకేతమే ఉండేది కనుక అది ఎవరి కోసమూ ఆగేది కాదు. ఈథర్‌నెట్‌లో దారి అందరిదీ. అందరిదీ అయిన దారిలో వరుస తప్పదు. ఢీకొనడం పోయింది గాని, ఆగడం మిగిలింది.

2. మన చేతిలో ఎంత సమయం ఉంది?

మన దేశంలో కరెంటు ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్. అంటే ఒక సైకిల్‌కు 20 మిల్లీసెకన్లు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010 నాటి గ్రిడ్ ప్రమాణాల ప్రకారం 765, 400 కిలోవోల్టుల వ్యవస్థలో ఫాల్ట్‌ను 100 మిల్లీసెకన్లలోపు, 220, 132 కిలోవోల్టుల వ్యవస్థలో 160 మిల్లీసెకన్లలోపు తొలగించాలి.

400 కిలోవోల్టుల లెక్క చూద్దాం. రిలే ఫాల్ట్‌ను గుర్తించడానికి ఒక సైకిల్, అంటే 20 మిల్లీసెకన్లు అనుకుందాం. బ్రేకర్ తెరుచుకుని ఆర్క్ ఆరిపోవడానికి 3 సైకిళ్ళు, అంటే 60 మిల్లీసెకన్లు. మొత్తం 80 అయింది. మిగిలినది 20 మిల్లీసెకన్లే. అందులో కొంత జాగ్రత్త కోసం వదలాలి. అందుకే ఐ.ఇ.సి. 61850లో అతి కఠినమైన ట్రిప్ సందేశానికి 3 మిల్లీసెకన్ల గడువు పెట్టారు. ఈ మూడింటిలో పంపే పరికరం పని, నెట్‌వర్కు ప్రయాణం, అందుకునే పరికరం పని – మూడూ ఇమడాలి. నెట్‌వర్కుకు దక్కేది చిన్న వాటా మాత్రమే.

ఫాల్ట్ కరెంటు వల్ల పుట్టే వేడి కరెంటు వర్గానికీ, సమయానికీ అనులోమానుపాతంలో ఉంటుందని మనం చదువుకున్నాం. సమయం రెట్టింపైతే వేడి రెట్టింపు అవుతుంది. కనుక ఇక్కడ మిల్లీసెకను అంటే చిన్న విషయం కాదు.

3. ఒకే దారిలో ఎవరెవరు?

సబ్‌స్టేషన్ నెట్‌వర్కులో ప్రయాణించే ముఖ్యమైన సందేశాలు ఇవి:

అ) గూస్ సందేశాలు: ట్రిప్, ఇంటర్‌లాక్, బ్రేకర్ స్థితి మొదలైనవి. ఉదాహరణకు ఫాల్ట్ వచ్చినపుడు ఒక బ్రేకర్ తెరుచుకోకుండా మొరాయిస్తే, అదే బస్‌బార్‌కు ఉన్న మిగతా బ్రేకర్లన్నింటినీ తెరవమని చెప్పాలి. దీనినే మనవారు ఎల్.బి.బి. అంటారు. ఆ ఆజ్ఞ గూస్ ద్వారా వెళ్ళగలదు.

ఆ) శాంపిల్డ్ వాల్యూస్: కరెంటు, వోల్టేజి కొలతలను యార్డులోనే అంకెలుగా మార్చి పంపుతారు. సాధారణంగా వాడే పద్ధతిలో సైకిల్‌కు 80 శాంపిళ్ళు. 50 హెర్ట్జ్ వద్ద సెకనుకు 80 × 50 = 4000 సందేశాలు. ఒక్కో మెర్జింగ్ యూనిట్ నుండి సెకనుకు సుమారు 5 మెగాబిట్ల ప్రవాహం నిరంతరం వస్తుంది.

ఇ) సమయ సందేశాలు: పరికరాలన్నింటి గడియారాలనూ ఒకటిగా ఉంచేవి. శాంపిళ్ళను పోల్చాలంటే మైక్రోసెకను స్థాయి ఖచ్చితత్వం కావాలి.

ఈ) స్కాడా సందేశాలు: కంట్రోల్ సెంటరుకు వెళ్ళే కొలతలు, అక్కడి నుండి వచ్చే ఆజ్ఞలు. సెకను అటూ ఇటూ అయినా సరిపోతుంది.

ఉ) ఫాల్ట్ రికార్డు ఫైళ్ళు, సి.సి. కెమెరా దృశ్యాలు, టెలిఫోను, ఇంజనీరు ల్యాప్‌టాప్ పనులు. వీటిలో ఫైళ్ళకు తొందర లేదు గాని బరువు ఎక్కువ.

4. వరుసలో నిలబడితే ఏమవుతుంది?

స్విచ్‌లో అనేక పోర్టుల నుండి వచ్చిన సందేశాలు ఒకే పోర్టు ద్వారా బయటకు పోవలసి వచ్చినపుడు అవి జ్ఞాపకశాఖలో, అంటే బఫర్‌లో, వరుసగా ఆగుతాయి. ప్రాధాన్యత పెట్టకపోతే ముందు వచ్చినది ముందు పోతుంది.

ఈథర్‌నెట్‌లో ట్యాగ్‌తో కలిపి పెద్ద ఫ్రేమ్ 1522 బైట్లు. ముందు వచ్చే ప్రియాంబుల్ 8 బైట్లు, రెండు ఫ్రేమ్‌ల మధ్య వదిలే ఖాళీ 12 బైట్లు కలిపితే 1542 బైట్లు. బిట్లలో 1542 × 8 = 12,336. సెకనుకు 100 మెగాబిట్ల పోర్టులో ఇది పోవడానికి పట్టే సమయం సుమారు 123 మైక్రోసెకన్లు.

ఒక కెమెరా, ఒక ఫైలు బదిలీ కలిసి 30 పెద్ద ఫ్రేమ్‌లను వరుసలో నింపాయనుకుందాం. వాటి వెనుక ట్రిప్ సందేశం వచ్చింది. అది ఆగవలసిన సమయం 30 × 123 = 3690 మైక్రోసెకన్లు, అంటే సుమారు 3.7 మిల్లీసెకన్లు. ఒక్క స్విచ్‌లోనే 3 మిల్లీసెకన్ల గడువు దాటిపోయింది.

ఇంకొక చిక్కు ఉంది. ఫాల్ట్ వచ్చిన క్షణంలోనే రిలేలన్నీ అలారాలు, రిపోర్టులు పంపడం మొదలుపెడతాయి. అంటే ట్రిప్ సందేశానికి దారి అత్యవసరమైన సమయంలోనే రద్దీ కూడా పెరుగుతుంది. మామూలు రోజున నెట్‌వర్కు ఖాళీగా ఉన్నది కదా అని నిశ్చింతగా ఉండరాదు.

5. నాలుగు బైట్ల ట్యాగ్

ప్రాధాన్యతను తెలియజేయడానికి ఐ.ఇ.ఇ.ఇ. 802.1క్యూ ప్రమాణం ప్రకారం ఫ్రేమ్‌లో పంపేవారి చిరునామా తరువాత 4 బైట్ల ట్యాగ్ చేరుస్తారు. మొదటి రెండు బైట్లు హెక్సాడెసిమల్‌లో 8100. ఇది ‘ఇక్కడ ట్యాగ్ ఉంది’ అనే గుర్తు. తరువాతి 16 బిట్లు ఇలా పంచుకుంటాయి:

ప్రాధాన్యత – 3 బిట్లు (0 నుండి 7 వరకు 8 స్థాయిలు)
రద్దీలో వదిలేయవచ్చా అనే గుర్తు – 1 బిట్
వి.లాన్ సంఖ్య – 12 బిట్లు

ఉదాహరణ: ప్రాధాన్యత 4, వి.లాన్ 5 అయితే 100 – 0 – 000000000101. కలిపి రాస్తే 1000 0000 0000 0101, హెక్సాడెసిమల్‌లో 8005.

గూస్‌కూ శాంపిల్డ్ వాల్యూస్‌కూ ఐ.ఇ.సి. 61850 మామూలుగా ఇచ్చే ప్రాధాన్యత 4. అవసరాన్ని బట్టి ఇంజనీర్లు గూస్‌ను ఇంకా పైకి పెట్టుకోవచ్చు. ట్యాగ్ లేకుండా వచ్చిన ఫ్రేమ్‌కు స్విచ్ సాధారణంగా 0 ఇస్తుంది. ఇక్కడ పరీక్షలో తికమకపెట్టే అంశం ఒకటి ఉంది. 1 అనేది 0 కన్నా పెద్ద సంఖ్యే గాని, ప్రమాణం ప్రకారం 1 అన్నింటికన్నా వెనుకబడిన స్థాయి. తొందర లేని నేపథ్య పనులకు దానిని కేటాయించారు.

గూస్ సందేశంలో ఐ.పి. చిరునామా ఉండదు. అది నేరుగా ఈథర్‌నెట్ మీదే వెళుతుంది. కనుక ఐ.పి. హెడర్‌లో ఉండే 6 బిట్ల ప్రాధాన్యత గుర్తు దానికి వర్తించదు. దానికి ఈ ట్యాగే ఆధారం. స్కాడా వంటి ఐ.పి. సందేశాలకు మాత్రం రౌటర్ల వద్ద ఆ 6 బిట్ల గుర్తు ఉపయోగపడుతుంది.

6. స్విచ్ లోపల జరిగేది

స్విచ్‌లో ప్రతి పోర్టుకూ ఒక వరుస కాక 4 గాని 8 గాని వరుసలు ఉంటాయి. 4 వరుసలే ఉంటే 8 స్థాయిలను వాటిలో సర్దుతారు. సాధారణంగా 1, 2 అడుగు వరుసలోకి. 0, 3 దానిపై వరుసలోకి. 4, 5 మూడవ దానిలోకి. 6, 7 అన్నింటికన్నా పై వరుసలోకి వెళతాయి. వరుసల నుండి ఫ్రేమ్‌లను తీసే పద్ధతులు ముఖ్యంగా రెండు.

మొదటిది కచ్చితమైన ప్రాధాన్యత. పై వరుసలో ఒక్క ఫ్రేమ్ ఉన్నా ముందు అదే పోతుంది. పై వరుస ఖాళీ అయితేనే కింది వరుస వంతు. రెండవది తూకం ప్రకారం వంతులు. ఉదాహరణకు 8:4:2:1 అని పెడితే పై వరుస నుండి 8, తరువాతి దాని నుండి 4, ఆ తరువాత 2, చివరి దాని నుండి 1 తీస్తారు. మొదటి పద్ధతిలో ట్రిప్ సందేశానికి భరోసా ఎక్కువ. కాని పై వరుస ఎప్పుడూ నిండుగా ఉంటే కింది వరుసకు వంతే రాదు. రెండవ పద్ధతిలో ఎవరూ పస్తుండరు గాని ట్రిప్ సందేశం కొంత ఆగవలసి రావచ్చు. ట్రిప్ సందేశాలు చిన్నవి, అరుదుగా వచ్చేవి కనుక వాటికి మొదటి పద్ధతి చక్కగా సరిపోతుంది.

మన మెస్‌తో పోల్చుకుంటే ఇది సులభంగా అర్థమవుతుంది. భోజనాల వరుసలో జ్వరంతో ఉన్నవాడికి ముందు పెట్టమంటారు. అతడు వరుసలో అందరినీ దాటి ముందుకు వస్తాడు. అయితే అప్పటికే ఒకరి కంచంలో వడ్డిస్తూ ఉంటే ఆ వడ్డన పూర్తయ్యే వరకు ఆగాలి. స్విచ్‌లోనూ అంతే. బయటకు పోవడం మొదలుపెట్టిన ఫ్రేమ్‌ను మధ్యలో ఆపరు. కనుక గూస్ సందేశం ప్రతి స్విచ్‌లోనూ గరిష్ఠంగా ఒక పెద్ద ఫ్రేమ్ సమయం, అంటే 123 మైక్రోసెకన్లు ఆగవచ్చు.

లెక్క చూద్దాం. గూస్ ఫ్రేమ్ 200 బైట్లు అనుకుంటే ఖాళీతో సహా 220 బైట్లు. 100 మెగాబిట్ల పోర్టులో 17.6 మైక్రోసెకన్లు. ఆగడం, పోవడం కలిపి ఒక స్విచ్‌కు సుమారు 141 మైక్రోసెకన్లు. వరుసగా 5 స్విచ్‌లు దాటినా సుమారు 0.7 మిల్లీసెకను. ప్రాధాన్యత లేనపుడు ఒక్క స్విచ్‌లో 3.7 మిల్లీసెకన్లు పట్టినది, ఇప్పుడు అయిదు స్విచ్‌లకు కలిపి ఒక మిల్లీసెకనులోపే అయింది. తీగ మారలేదు, వేగం మారలేదు. క్రమం మాత్రమే మారింది.

మధ్యలో ఆపడానికి కూడా 2016లో ప్రమాణాలు వచ్చాయి. 802.1క్యూబియు, 802.3బిఆర్ అనే ఈ ప్రమాణాల ప్రకారం పెద్ద ఫ్రేమ్‌ను కొంత పంపి ఆపి, అత్యవసర ఫ్రేమ్‌ను పంపి, మిగతా భాగాన్ని తరువాత పంపవచ్చు. అయితే తీగకు రెండు చివరలా ఉన్న పరికరాలకు ఆ సదుపాయం ఉండాలి.

7. జాగ్రత్త పడవలసిన చోట్లు

ఒకటి, అందరికీ 7 ఇవ్వడం. ప్రతి విభాగమూ తన సందేశమే అత్యవసరం అంటుంది. అన్నింటికీ పై స్థాయి ఇస్తే మళ్ళీ అందరూ ఒకే వరుసలో నిలబడినట్లే. 7ను సాధారణంగా నెట్‌వర్కు సొంత నిర్వహణ సందేశాలకు వదిలివేస్తారు.

రెండు, దారిలో ట్యాగ్ ఊడిపోవడం. రెండు స్విచ్‌ల మధ్య పోర్టును ట్యాగ్ తీసివేసే విధంగా అమరిస్తే మొదటి స్విచ్‌లో ప్రాధాన్యత పనిచేస్తుంది, రెండవదానిలో పనిచేయదు. గొలుసులో ప్రతి స్విచ్‌నూ విడివిడిగా చూడాలి.

మూడు, వచ్చిన ట్యాగ్‌నల్లా నమ్మడం. ఎవరో తెచ్చి తగిలించిన ల్యాప్‌టాప్ తన ఫ్రేమ్‌లకు 7 అని రాసుకుని వస్తే స్విచ్ దానిని అంగీకరించకూడదు. అటువంటి పోర్టులలో ప్రాధాన్యతను తిరిగి 0గా రాసేటట్లు అమర్చాలి.

నాలుగు, మొత్తం బరువును మరచిపోవడం. 20 మెర్జింగ్ యూనిట్ల ప్రవాహం 20 × 5 = 100 మెగాబిట్లు. 100 మెగాబిట్ల పోర్టు అక్కడికే నిండిపోతుంది. ప్రాధాన్యత దారిని వెడల్పు చేయదు. ఏ ప్రవాహం ఏ పోర్టుకు అవసరమో చూసి వి.లాన్‌లతో, మల్టీకాస్ట్ ఫిల్టర్లతో మిగతావి ఆపాలి, లేదా గిగాబిట్ పోర్టు వాడాలి.

8. ప్రాధాన్యత చేయలేనిది

2006 ఆగస్టు 19న అమెరికాలోని అలబామా రాష్ట్రంలో బ్రౌన్స్ ఫెర్రీ అణు విద్యుత్ కేంద్రం మూడవ యూనిట్‌లో జరిగిన సంఘటన ఈ విషయంలో గొప్ప పాఠం. రియాక్టరులో నీటిని తిప్పే రెండు రీసర్క్యులేషన్ పంపులూ ఆగిపోయాయి. ఆపరేటర్లు రియాక్టరును ఆపివేయవలసి వచ్చింది. ప్లాంటు ఈథర్‌నెట్ నెట్‌వర్కులో విపరీతమైన రద్దీ ఏర్పడి, పంపుల వేగాన్ని నియంత్రించే డ్రైవ్‌ల కంట్రోలర్లు పనిచేయడం మానివేశాయని విచారణలో తేలింది. అమెరికా అణు నియంత్రణ సంస్థ 2007లో మిగతా అణు కేంద్రాలకు ఈ విషయాన్ని తెలియజేసింది. సున్నితమైన పరికరాలకు చేరే ట్రాఫిక్‌ను పరిమితం చేసే ఫైర్‌వాల్‌లు అమర్చడం అక్కడ తీసుకున్న దిద్దుబాటు చర్యలలో ఒకటి.

ఇందులో మనం గ్రహించవలసినది ఏమిటి? స్విచ్ మంచి క్రమంలో పంపినా, అందుకునే పరికరం ముంచెత్తే సందేశాలను తట్టుకోలేకపోతే ఫలితం ఉండదు. కనుక ప్రాధాన్యతతోపాటు బ్రాడ్‌కాస్ట్ పరిమితి, నెట్‌వర్కులో వలయాలు ఏర్పడకుండా చూసే ఏర్పాటు, వి.లాన్ విభజన కూడా ఉండాలి.

మరొక పరిమితి మన ఊళ్ళకు సంబంధించినది. నెట్‌వర్కు ఎంత వేగంగా ఉన్నా, ముందు రిలే ఫాల్ట్‌ను గుర్తించాలి. తెగిన 11 కిలోవోల్టుల తీగ పొడి నేల మీద పడితే భూమిలోకి పోయే కరెంటు చాలా తక్కువగా ఉండి రిలే గుర్తించకపోవచ్చు. అప్పుడు ట్రిప్ సందేశమే పుట్టదు. ‘తీగ తెగింది కదా, సబ్‌స్టేషన్‌లో కరెంటు ఆగిపోయి ఉంటుంది’ అని ఎవరూ దగ్గరకు పోరాదు. ఇతరులను, పశువులను దూరంగా ఉంచి, విద్యుత్ సిబ్బందికి తెలియజేయాలి. ఇంటికి వెళ్ళినపుడు ఈ ఒక్క మాట పెద్దలకూ పిల్లలకూ తప్పక చెప్పండి.

9. ముగింపు

2013 డిసెంబరు 31న దక్షిణాది గ్రిడ్ రాయచూరు – షోలాపూర్ 765 కిలోవోల్టుల లైను ద్వారా మిగతా దేశపు గ్రిడ్‌తో కలిసింది. అప్పటి నుండి దేశమంతా ఒకే ఫ్రీక్వెన్సీతో నడిచే ఒకే గ్రిడ్ అయింది. ఒకచోట ఫాల్ట్ సకాలంలో తొలగకపోతే దాని ప్రభావం దూర ప్రాంతాలకు పాకవచ్చు. అందుకే మూడు బిట్లే కదా అని చిన్నచూపు చూడరాదు. ఎవరు ముందు అన్నది యంత్రం తనంతట తాను తేల్చుకోదు. ఏ ఆలస్యం వల్ల ఎవరికి ఎంత నష్టమో తెలిసిన మనిషి ఆలోచించి రాసిపెట్టాలి. సబ్‌స్టేషన్‌లో ఉద్యోగం చేయాలనుకునే మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు రిలేతోపాటు స్విచ్‌ను కూడా నేర్చుకోవాలని మా కోరిక. వైర్‌షార్క్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. కళాశాల ల్యాబ్‌లో మేడమ్ గారిని గాని, సార్ గారిని గాని అడిగి దానిలో ఫ్రేమ్‌లను విప్పి చూడండి. కొన్ని కంప్యూటర్లలో నెట్‌వర్కు కార్డే ట్యాగ్‌ను ముందుగా తీసివేస్తుంది. ట్యాగ్ కనిపించకపోతే అది రాలేదని వెంటనే అనుకోకండి.

అభ్యాస ప్రశ్నలు

1. సెకనుకు 1 గిగాబిట్ పోర్టులో 1542 బైట్లు పోవడానికి ఎంత సమయం పడుతుంది?
2. ప్రాధాన్యత 6, వి.లాన్ 20 అయితే ట్యాగ్‌లోని చివరి 16 బిట్లు రాయండి.
3. 10 మెగాబిట్ల పోర్టులు గల 4 స్విచ్‌లు దాటాలి. ప్రతిచోటా ఒక పెద్ద ఫ్రేమ్ అడ్డు వస్తే గూస్ సందేశం 3 మిల్లీసెకన్లలో చేరుతుందా?
4. ప్రాధాన్యత 0, ప్రాధాన్యత 1 – ఈ రెండింటిలో ఏది ముందు పోతుంది?

జవాబులు: 1) సుమారు 12.3 మైక్రోసెకన్లు. 2) 1100 0000 0001 0100. 3) చేరదు, ఆగడానికే 4 × 1.23 = సుమారు 4.9 మిల్లీసెకన్లు పడుతుంది. 4) ప్రాధాన్యత 0.